వెనుక ఇరుసులోని పళ్ళచక్రములు

గతమాసమున ఈ పుటలలో కుట్టుయంత్రమును విప్పి, తుడిచి, నూనెవేయు విధమును వ్రాసితిమి. దానిని చదివిన సోదరీమణులు ఇద్దరు ముగ్గురు, "కుట్టుయంత్రము సరే, మీ యింటి మోటారుబండినే మీరు విప్పితిరని వింటిమి. అది నిజమేనా? అట్టి పని ఇండ్లలో జరుగునా?" యని అడిగిరి. నిజమే. ఈ వేసవిసెలవులలో మా అంబాసిడరు బండి వెనుక ఇరుసులోని డిఫరెన్షియలును మా వసారాలోనే విప్పి, అరిగిన భాగములను మార్చి, మరల కూర్చితిమి. పని తొమ్మిది దినములు పట్టినది. మావారు బడిలో గణితము చెప్పువారు. మా అమ్మాయి తొమ్మిదవ తరగతి ముగించినది. మేమో, తండ్రిగారియొద్ద యింటనే వ్యాకరణము, కావ్యములు చదివినవారము. ముగ్గురిలో ఎవ్వరమును మోటారుపని వృత్తిగా చేసినవారము కాము.

పని మామీద ఎట్లు పడినదో ముందు చెప్పవలెను. మా అత్తగారికి మూత్రపిండములు చెడినవి. వారమునకు రెండుమార్లు డయాలిసిస్ కొరకు పట్టణమునకు పోవలయును. మోమిన్‌పేటనుండి బస్సులు కలవు, ఆటోలును కలవు. కాని నాలుగుగంటలు యంత్రము ప్రక్కను పరుండి లేచిన ముసలిప్రాణమునకు ఆటోలో తిరిగివచ్చుట యెట్టిదో చూచినవారికే తెలియును. మామగారు పదవిలోనుండగా కొన్న యీ పాతబండి వెనుకసీటే ఆమెకు ఆధారము. చలికాలమునుండి ఆ సీటుక్రింద తుమ్మెద రొదవంటి ధ్వని మొదలైనది. ఉగాదినాటికి అది మూలుగుగా మారినది. పట్టణములోని ఒక పనివాడు బండిని నడిపిచూచి, "డిఫరెన్షియలు పోయినది. పాతసామానులో ఇరుసు మొత్తముగా తెచ్చి వేసిన 38,000 రూపాయలు. లేదా పాతయినుమునకు అమ్ముకొనుడు" అనెను. విప్పి చూడకయే చెప్పిన మాట అది. ఉపాధ్యాయుని జీతముపై నడచు సంసారమున 38,000 రూపాయలు ఒక్కమారుగా తీయుట సులభము కాదు. విప్పి చూచుటకు మాత్రము ఏమియు ఖర్చు కాదుగదా యని మావారనిరి.

అసలు ఈ యంత్రము చేయు పని యేమి? కళ్ళములో బంతి తిప్పుట చూచిన సోదరీమణులకు దీనిని చెప్పుట సులభము. నడుమ ఒక గుంజ. దానికి వరుసగా కట్టిన యెద్దులు. గుంజను ఆనుకొనియున్న యెద్దు ఉన్నచోటనే చిన్నచిన్న అడుగులు వేయును. వెలుపలి యెద్దు పరుగెత్తవలెను. రెండును సమానముగా నడువవలెనని విధించినచో బంతి తిరుగదు. త్రాడు తెగును, లేదా యెద్దు పడును. బండి వంపు తిరుగునప్పుడు వెనుకచక్రముల స్థితియు ఇంతే. మా బండిలో రెండు వెనుకచక్రముల నడుమ దూరము ఇంచుమించు నాలుగున్నర అడుగులు. బండి అర్ధవృత్తముగా తిరిగి వచ్చినదారి పట్టినచో వెలుపలిచక్రము లోపలిదానికంటె 14 అడుగులు అధికముగా నడువవలెను. వంపు చిన్నదైనను పెద్దదైనను ఈ 14 అడుగులు మారవు. మా అమ్మాయి దీనిని నమ్మక, వాకిట ముగ్గుపిండితో చిన్నవి రెండు, పెద్దవి రెండు అర్ధవలయములు గీసి దారముతో కొలిచినది, లెక్క సరిపోయినది. వికారాబాదునుండి అనంతగిరి కెక్కు దారిలో ఎన్ని వంపులున్నవో లెక్కించుకొనుడు. రెండుచక్రములు ఒకే ఇరుసునకు బిగించియున్నచో ప్రతివంపునను ఏదో ఒకచక్రము నేలమీద ఈడ్చుకొనిపోవలసినదే.

ఇంజనునుండి వెనుకకు వచ్చు పొడవైన కడ్డీకి చివర ఒక చిన్న పళ్ళచక్రము కలదు. దానిని పినియను అందురు. అది పళ్ళెమువంటి పెద్ద పళ్ళచక్రమును త్రిప్పును. దాని పేరు క్రౌను. కడ్డీ నాలుగుచుట్లకు పైగా తిరుగగా క్రౌను ఒక్కచుట్టు తిరుగును. వేగము తగ్గి బలము పెరుగును. క్రౌను తనతోకూడ ఒక యినుపపంజరమును మోసికొని తిరుగును. ఆ పంజరములో నడుమ స్టారు పినియన్లని రెండు చిన్నచక్రములు, ఇరుప్రక్కల చక్రపుటిరుసులకు తగిలించిన రెండు సన్ గేర్లు కలవు. బండి తిన్నగా పోవునప్పుడు స్టారు పినియన్లు తమలో తాము తిరుగవు. మేకువలె రెండు ప్రక్కలను సమానముగా నెట్టును. వంపు రాగానే అవి తమ కడ్డీమీద మెల్లగా తిరుగ మొదలిడును. అప్పుడు ఒకచక్రము ఎన్ని చుట్లు కోల్పోవునో రెండవది సరిగా అన్నియే పొందును. రెండిటి సగటు మాత్రము క్రౌను వేగమునకు ఎన్నడును సమానము. బండి వెనుకభాగమును ఎత్తి, గేరులో నిలిపి, ఒకచక్రమును చేతితో ముందునకు త్రిప్పి చూడుడు. రెండవచక్రము వెనుకకు తిరుగును. ఇంటిలోని చిన్నపిల్లలకు దీనికంటె మంచి వినోదము లేదు.

దీనికొక దోషము కూడ కలదు. వానకాలమున రేగడిబురదలో ఒకచక్రము దిగబడినచో అది ఊరక గిరగిర తిరుగును. గట్టినేలమీది చక్రము కదలదు. రెండుచక్రములకును ఒకే బలము నందించుట ఈ యంత్రపు నియమము. బురదలోనిదానికి పట్టు లేనప్పుడు గట్టినేలమీదిదానికిని బలము చేరదు. అందుచేతనే ట్రాక్టరులకు రెండు ఇరుసులను తాత్కాలికముగా బంధించు లాకు ఉంచిరి.

ఈ కల్పన గడియారములలో ముందే యుండెను. చక్రములబండికి దీనిని చేర్చి 1828లో పేటెంటు పొందినవాడు పారిసు నగరవాసి ఒనేసిఫోర్ పెక్కర్. అది పెట్రోలుబండికి గాక ఆవిరిబండికి. నిజాము రాజ్యమున రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 1932లో 27 బస్సులతో మొదలైనప్పుడు ఆ బస్సుల వెనుకయిరుసులోను, నేడు మా వీధిలో తిరుగు ఆటోలోను ఉన్నది ఈ సూత్రమే.

ధ్వనినిబట్టి రోగమును కొంత గుర్తింపవచ్చును. పెట్రోలు త్రొక్కినప్పుడొక విధముగను, వదలినప్పుడు వేరొక విధముగను కూయుచున్నచో క్రౌను, పినియనుల పళ్ళు ఒకదానితో నొకటి సరిగా కలియుట లేదని తలపవలెను. తిన్ననిదారిలో లేక వంపులలో మాత్రమే గరగరమన్నచో స్టారు పినియన్లనో, చక్రపు బేరింగునో అనుమానింపవలెను. బండి కదలునప్పుడును నిలుచునప్పుడును టక్కుమని కొట్టినట్లున్నచో లోపల వాషర్లు అరిగి సందు పెరిగియుండును. లేదా పొడవుకడ్డీ కీలు వదులైయుండును. అన్నివేళల మూలుగుచు, వేగముతోపాటు మూలుగు పెరిగినచో అది బేరింగు. మా బండిది ఈ కడపటి జాతి. కదలునప్పుడు చిన్నటక్కు కూడ కలదు.

పని మొదలుపెట్టుదుమని తెలియగానే బంధువులు రెండువిధములుగా ఆక్షేపించిరి. పంతులుగారికి ఈ పని యేల యని కొందరు; ఆడువారు బండిక్రింద దూరుట యేమి మర్యాద యని కొందరు. మొదటివారికి మావారు కోయంబత్తూరు జి.డి. నాయుడుగారిని చూపిరి. 1893లో కలంగల్ గ్రామమున తెలుగుకుటుంబమున జన్మించిన ఆయనకు బడిచదువు స్వల్పమే. ఒక దొర నడపు మోటారుసైకిలును చూచి మోహపడి, హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి, దానిని కొని, భాగములన్నియు విప్పి మరల కూర్చిరి. 1920లో పొళ్ళాచ్చి, పళనిల నడుమ ఒక్కబస్సుతో రవాణా వ్యాపారము మొదలిడి, తరువాత దక్షిణదేశమున పేరొందిన యంత్రనిర్మాత యైరి. రెండవవారికి మేము చెప్పినది బెర్తా బెంజ్ మాట. 1888 ఆగస్టులో ఆ జర్మను గృహిణి, భర్తకు తెలియకుండ, ఆయన నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిమీద ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్‌నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి పోయెను. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. దారిలో ఇంధనపుగొట్టము పూడగా టోపీసూదితో పొడిచి బాగుచేసెను. బ్రేకుదిమ్మలు అరుగగా చెప్పులు కుట్టువానిచే తోలు కొట్టించెను. ఆ బండిలోను డిఫరెన్షియలు కలదు. అంతదూరమేల? మన కొత్తగూడెము ప్రాంతమున ఒక యిల్లాలు భర్తతో సమానముగా లారీచక్రములు విప్పి బిగించుట పత్రికలలో చదివినదే గదా. ఇంతచెప్పినను ఒక పినతల్లిగారు మాత్రము సమాధానపడలేదు. వారి తృప్తి మాకును అంత ముఖ్యము కాదు.

పనికి ముందు వేషము. జడను ముడివేసి, కొంగును నడుమునకు బిగించితిమి. ఉంగరములు, గాజులు తీసివేయవలెను. ముంజేతులు బోసిగా నుండుట అశుభమని శంకించువారు పసుపుదారము కట్టుకొనవచ్చును. మేమట్లే చేసితిమి. ఇక బండిని ఎత్తుట. సమనేలమీద నిలిపి, ముందుచక్రములకు ఇరువైపుల కొయ్యదిమ్మలు వేసి, జాకీతో ఎత్తి, ఇరుసుక్రింద ఇనుపస్టాండ్లు నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి బండిక్రింద దూరరాదు. మా ప్రాంతమున ప్రతియింట తాండూరుబండలు పడియుండును. వానిని దొంతిగా పేర్చి బండిని నిలుపుట కొందరికి అలవాటు. అది ప్రాణాపాయము. ఆ బండ పరచినచోట ఎంతటి భారమునైనను మోయును గాని, ఇనుపమొన భారము ఒక్కచోట పడినచో ఫెళ్ళున పగులును. నునుపైన తాండూరుబండకు మేమిచ్చిన పని వేరు. దానిని నాలుగు ఇటుకలమీద సమముగా నిలిపి, భాగములు పరచుకొను బల్లగా వాడితిమి. చిన్న రేకు పడినను దానిమీద కనబడును.

అంబాసిడరు ఈ పనికి అనుకూలమైన బండి. పశ్చిమవంగమున ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్సువారు దీనిని 1950ల చివరనుండి 2014వరకు నిర్మించిరి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండి దీనికి మూలము. ఇరుసునడుమ పెద్దకుండవంటి ఉబ్బు. ముందువైపునుండి నట్లు తీసినచో డిఫరెన్షియలు మొత్తము ఒక్కముద్దగా చేతికి వచ్చును. ముందుగా నూనెను దించవలెను. దించిన నూనెను పాతచీరగుడ్డలో వడబోసి, అడుగున అయస్కాంతము త్రిప్పి చూచితిమి. బూడిదవంటి మెత్తని ముద్ద అంటినచో అది సహజమైన అరుగుదల. పెళ్ళలు, ముక్కలు దొరకినచో పన్ను విరిగినదన్నమాట. మాకు ముద్దయే వచ్చినది. ఒకటి రెండు మెరుగుపొరలు కూడ వచ్చినవి. నూనె ఉండవలసినదానిలో సగము కూడ లేదు. ముందువైపు ఆయిలు సీలు ఎండి, బొట్టుబొట్టుగా కారుచుండగా, అంతకుముందు సర్వీసు చేసినవారు మట్టము చూడక విడిచిరి.

పొడవుకడ్డీని విడదీయుటకు ముందు రెండంచులకును సుద్దతో ఒక గీత గీయవలెను. మరల బిగించునప్పుడు ఆ గీతలు కలియవలెను. బ్రేకుడ్రమ్ములు తీసి, ఇరుసుకడ్డీలను చెరియొక ప్రక్కకు లాగి, నట్లు విప్పితిమి. డిఫరెన్షియలు బరువు, దానిని మావారును ప్రక్కయింటి అబ్బాయియు పట్టి దించిరి. లోపల క్రౌనును పట్టియుంచు రెండు బేరింగుమూతలున్నవి. అవి చూచుటకు ఒక్కతీరుగ నుండును గాని ఎడమది కుడికి పనికిరాదు. తీయకముందే పంచితో ఎడమదానికి ఒకచుక్క, కుడిదానికి రెండుచుక్కలు కొట్టితిమి.

కిరసనాయిలుతో కడిగి చూడగా రోగము కన్నులకు కనబడినది. పినియను ముందుబేరింగు లోగిలిలో మశూచిమచ్చలవలె గుంటలు. స్టారు పినియన్లక్రింది వాషర్లు అరిగి కాగితమంత పలుచబడినవి. క్రౌను, పినియనుల పళ్ళు మాత్రము నునుపుగా, గీత లేక, ఆరోగ్యముగా నున్నవి. ఆ క్షణమున మా మనసు తేలికపడినది. పళ్ళు చెడియున్నచో మా ప్రయత్నము అక్కడనే ఆగవలసినది. ఏలయన ఈ రెండును కర్మాగారములో ఒకదానితో నొకటి రాచి జతచేసినవి. సికిందరాబాదు రాణీగంజిలో బేరింగులకై విచారించినప్పుడు ఒక దుకాణదారు, "క్రొత్త పినియను ఒక్కటి కలదు, చౌకగా ఇత్తును" అనెను. మావారు కొంత ఊగిసలాడుచుండగా మంచముమీద కూర్చున్న అత్తగారు, "ఇసుర్రాయిల పైరాయి ఒక్కటే మారుస్తె పిండి మంచిగొస్తదా బిడ్డా? రెండు రాళ్ళు ఒక్కతీరుగ అరగాలె" అనిరి. బండిపుస్తకములో ఒక పుటనిండ వ్రాసినది ఇంతే. పినియను కొనలేదు.

నాలుగు బేరింగులు, మూడు సీళ్ళు, వాషర్లు, ప్యాకింగు కాగితము వచ్చినవి. పాతబేరింగులను లాగి క్రొత్తవి ఎక్కించుటకు సదాశివపేటలో ఒక లేతుపనివారి ప్రెస్సును ఆశ్రయించితిమి. సుత్తితో కొట్టి ఎక్కించుట పల్లెలలో చూచుచున్నాము. క్రొత్తబేరింగునకు అది తొలిగాయము. ఈ ఒక్కపనిని బయట చేయించుటలో చిన్నతనమేమియు లేదు.

ఇక అసలుపని, కొలతల పని. మొదటిది, పినియను బేరింగుల బిగువు. వదులైనచో పినియను ఊగును. మితిమీరి బిగించినచో బేరింగు కాలును. దీనిని చేతితో త్రిప్పి "సరిగానే యున్నది" అనరాదు. పినియను అంచుకు గట్టిదారమును పదిచుట్లు చుట్టి, దాని కొనను కూరగాయలు తూచు స్ప్రింగుకాటా కొక్కెమునకు తగిలించి, మెల్లగా, ఎడతెగక లాగవలెను. పినియను సమముగా తిరుగుచుండగా ముల్లు చూపు కిలోలను, అంచు వ్యాసార్ధపు సెంటీమీటర్లతో హెచ్చింపవలెను. మాటకు, వ్యాసార్ధము నాలుగు, ముల్లు మూడు చూపినచో బిగువు పండ్రెండు. ఆ గుణకారఫలము బండిపుస్తకములో ఆ యిరుసునకు చెప్పిన మేరలో నుండవలెను. ఎక్కువైనను తక్కువైనను రేకులు మార్చవలెను. ఈ రేకులను షిమ్ములందురు. అవి తమలపాకుకంటె పలుచన. మా అమ్మాయి వానిని మైక్రోమీటరుతో కొలిచి, పాతపెండ్లిపత్రికల వెనుక మందము వ్రాసి, వరుసగా నిలిపినది. పప్పుదినుసుల డబ్బాలకు పేర్లు వ్రాసి అంటించు నేర్పే ఇది.

రెండవది, క్రౌనుపళ్ళకును పినియనుపళ్ళకును నడుమ విడువవలసిన సందు. సందు లేనిచో పళ్ళు వేడెక్కి ఒరసికొనును, ఎక్కువైనచో కొట్టుకొనును. ఇట్టి ఇరుసులలో ఆ సందు సాధారణముగా మిల్లీమీటరులో పదవవంతునకును ఐదవవంతునకును నడుమ నుండును. అనగా రెండు మూడు తలవెంట్రుకల మందము. దీనికి డయల్ గేజి కావలెను. మావారు ఒక మిత్రునియొద్ద ఎరువు తెచ్చిరి. పినియనును కదలకుండ పట్టి, క్రౌనును అటునిటు కదలించినప్పుడు ముల్లు ఎంత కదలునో చూచి, క్రౌను చుట్టును నాలుగుచోట్ల కొలవవలెను. ఒక్కచోట కొలిచి సంతోషపడరాదు.

మూడవదే మాకు మిక్కిలి ప్రీతికరమైనది. పళ్ళు ఒకదానితో నొకటి ఎచ్చట తాకుచున్నవో చూచుటకు వెనుకటి పనివారు సిందూరమును నూనెలో కలిపి పూసెడివారు. అది సీసపుభస్మము, విషము. పిల్లలున్న యింట దానిని తేరాదు. నేడు సీసము లేని రంగుముద్దలు గొట్టములలో దొరకును. క్రౌనులో నాలుగైదు పళ్ళకు పలుచగా పూసి, క్రౌనును కొంత అడ్డగించుచు పినియనును ఇరువైపుల త్రిప్పితిమి. పసుపుకాళ్ళతో గడపదాటిన పెండ్లికూతురి అడుగుజాడవలె పంటిమీద అచ్చు పడును. పాదము చదునుగా మోపినదో, మునివ్రేళ్ళమీద నడచినదో జాడ చెప్పును గదా. అచ్చు పంటినడుమ పడవలెను. పంటికొనవైపు పడినచో పినియను దూరముగా నున్నది. మందపురేకు వేసి దానిని క్రౌనువైపు జరుపవలెను. పంటిమొదట పడినచో మితిమీరి లోనికి వచ్చినది. పలుచనిరేకు వేసి వెనుకకు తీయవలెను. రేకు మార్చిన ప్రతిమారును బేరింగు బిగువును, పళ్ళ సందును మరల కొలవవలెను. మాకు మొదటిమారు అచ్చు కొనవైపు పడినది. రేకు మార్చి, మరల బిగించి, మరల పూసి, మరల త్రిప్పితిమి. ఇట్లు మూడుమార్లు జరిగినది.

ఏడవదినము సాయంకాలమునకు అచ్చు నడుమకు సమీపించినది, పూర్తిగా రాలేదు. మరునాడు అత్తగారి డయాలిసిస్ దినము. అంతకుముందు రెండుమార్లు ఆమె ఆటోలో పోయివచ్చిరి. రెండవమారు దారిలో వానపడి, ఇంటికి వచ్చునప్పటికి వణకుచుండిరి. "ఇంతకంటె సరిగా రాదు, బిగించివేయుదము" అని మావారు అనిరి. వారి మాటలో తప్పేమున్నది? కన్నతల్లి వణకుచుండగా వెంట్రుకమందపు రేకును గూర్చి వాదించు కొడుకు ఎవ్వడుండును? కాని మాకు వేరొకటి తోచినది. సరిగా కూర్పని ఇరుసు ఇంటివద్ద చెడదు. బండి నిండ మనుషులతో పోవుచుండగా, దారినడుమ పట్టివేయును. ఆ వెనుకసీటులో కూర్చుండువారు ఆమెయే. ఈమాట మేము అత్తగారితోనే చెప్పితిమి. "ఇంకొకపారి ఆటోల పోత తీయుండ్రి. పనిని పనితీరుగ చెయ్యుండ్రి" అనిరి. ఆమె ఆటోలో పోయిన ఆ యుదయమున నాలుగవరేకు వేసితిమి. అచ్చు పంటినడుమ, బాదముపలుకువలె నిలిచినది.

తక్కిన పని సులభము. క్రౌను బోల్టులను వరుసగా గాక ఎదురెదురుగా, కొంచెముకొంచెముగా బిగించి, క్రొత్త లాకురేకులు మడచితిమి. నూనె విషయమున మాత్రము ఒకమాట. ఈ ఇరుసులో పినియను క్రౌనునడుమకు గాక కొంత దిగువకు తాకును. అందువలన పళ్ళు దొర్లుటయే కాక ఒకదానిమీద నొకటి జారును. సామాన్యమైన నూనె ఆ ఒత్తిడికి నిలువదు. డిఫరెన్షియలునకే ఉద్దేశించిన 90 నంబరు ఇ.పి. నూనె పోయవలెను. గేరుబాక్సునూనె, ఇంజనునూనె మిగిలినవిగదా యని ఇందులో పోయు పొదుపు పొదుపు కాదు. ప్రక్కనున్న రంధ్రమువరకే పోయుడు. ఎక్కువైనచో ఇరుసువెంట పాకి బ్రేకులలో చేరును.

మొదటి పది కిలోమీటర్లు మెల్లగా నడిపి, దిగి, ఇరుసుకుండను వెనుకచేతితో తాకి చూచితిమి. వెచ్చగానుండుట మేలు; చేయి నిలువనంత కాలినచో మరల విప్పవలెను. వెచ్చగానే యున్నది. మూలుగు పోయినది, టక్కు పోయినది. 60 కిలోమీటర్ల వేగమున పెట్రోలు వదలినప్పుడు సన్ననికూత ఒకటి మిగిలినది. పాతపళ్ళకు క్రొత్తబేరింగులు వేసినప్పుడు ఇది కొంత సహజము. దానికై మరల విప్పుట వ్యర్థము. ఖర్చు లేతుకూలితో కూడ 11,300 రూపాయలు. అత్తగారు ఇప్పుడు తిరుగుప్రయాణమున సదాశివపేటదారి మలుపు రాకముందే నిద్రపోవుచున్నారు.

అందరు సోదరీమణులును వెంటనే తమ బండ్లను విప్పవలెనని మేము వ్రాయుట లేదు. 1983లో మారుతి 800 వచ్చినది మొదలు మన చిన్నబండ్లలో పెక్కింటికి ముందుచక్రములే లాగును. వానిలో డిఫరెన్షియలు గేరుబాక్సులోపలనే యుండును. దానిని ఇంట విప్పుట మా శక్తికి మించిన పని. గడువుపత్రమున్న క్రొత్తబండిని విప్పినచో ఆ పత్రము చెల్లకపోవును. డయల్ గేజి, ఆ బండి పుస్తకము, ఎక్కించియుంచుటకు ఇనుపస్టాండ్లు, ఈ మూడును లేనివారు పనివానియొద్దకే పోవలెను. కాని పోయినప్పుడు, "పినియను బిగువు ఎంత పెట్టితివి? అచ్చు ఎచ్చట పడినది?" అని అడుగుడు. విప్పకయే ధర చెప్పిన పనివాడు ఆ ప్రశ్నకు ఏమి చెప్పునో వినుటకు మేమును కుతూహలపడుచున్నాము.

మరియొక సోదరి దించిన పాతనూనెను ఏమిచేసితిరని అడిగినది. చెదలు పట్టకుండ గుంజలకు పూయుదురు, గొడ్లపాకలో చల్లుదురు. ఆ నూనెలో లోహపుపొడి యుండును. గొడ్లు గుంజలను నాకును, వాననీరు దానిని బావికి చేర్చును. మేము దానిని ఖాళీడబ్బాలో పోసి, మూతబిగించి, పాతనూనె కొనువానికి ఇచ్చితిమి. అయిదువందల కిలోమీటర్ల తరువాత క్రొత్తనూనెను కూడ ఒకమారు దించి, వడబోసి చూచితిమి. అయస్కాంతమునకు బూడిదముద్ద కొంచెము అంటినది. మెరుగుపొర ఒక్కటియు లేదు.